మంత్రసాని చేయి: గర్భిణీ మర్దనపై ఒక చారిత్రక పరిశీలన

ఉమ్మడి కృష్ణా జిల్లా ఉత్తరపు అంచున, గంపలగూడెం మండలంలో ఉన్న నెమలి గ్రామం వేణుగోపాలస్వామి ఆలయం వల్ల ప్రసిద్ధం. 2022 నుంచి ఇది ఎన్.టి.ఆర్. జిల్లాలో భాగం. వైద్య చరిత్ర దృష్ట్యా ఈ ప్రాంతానికి మరొక విశేషం ఉంది. స్వాతంత్ర్యానికి పూర్వం ఈ గ్రామాలు మద్రాసు రాజధానికి చెందినవి. పొరుగున ఉన్న మధిర తాలూకా నైజాం రాజ్యపు వరంగల్లు జిల్లాలో ఉండేది. మద్రాసు ప్రభుత్వం నర్సులు, మంత్రసానుల నమోదుకై 1926లో చేసిన చట్టం ఈ ఎల్ల దగ్గరే ఆగిపోయింది. ఎల్లకు రెండు వైపులా పురుడు పోసినది మాత్రం మంత్రసానే. ఆమె చేతిపనిలో గర్భిణికి సుఖమిచ్చే మర్దనకు ఎలాంటి స్థానం ఉండేది, అది ఎలా వెనుకబడింది అన్నది ఈ వ్యాస విషయం.

ముందుగా శాస్త్రగ్రంథాలను చూడాలి. వాటి మాట మనం అనుకొన్నంత సూటిగా లేదు. గర్భిణి విడువవలసినవాటిని చెబుతూ సుశ్రుత సంహిత శారీరస్థానం వ్యాయామం, పగటినిద్ర, రాత్రిజాగరణ, భయశోకాలతో పాటు అకాలంలో చేసే స్నేహాది క్రియలను కూడా పేర్కొన్నది. ఇక్కడ స్నేహమంటే నూనె, నెయ్యి వంటివాటితో చేసే చికిత్స. చరక సంహిత శారీరస్థానం ఎనిమిదవ అధ్యాయం నెలనెలా పాటించవలసిన ఆహార నియమాలను వివరించి, తొమ్మిదవ నెలకు వచ్చేసరికి మధురౌషధాలతో కాచిన తైలాన్ని వస్తిగా విధించింది. నొప్పులు మొదలైన తరువాత నడుము, పక్కలు, వీపు, తొడలకు గోరువెచ్చని నూనె రాసి, ఆమెకు సుఖంగా తోచేటట్లు మెల్లగా మర్దించాలన్నది. ఈ అవయవాల వరుసలో పొట్ట లేకపోవడం గమనార్హం. నాభిపైన గట్టిగా ఒత్తే విధి ఆ అధ్యాయంలోనే ఉన్నది గాని, అది బిడ్డ పుట్టిన తరువాత మావి పడనప్పటి మాట. నొప్పులు పడే స్త్రీ చేత రోకలితో ధాన్యం దంచించాలనే అభిప్రాయాన్ని ఆత్రేయుడు అక్కడే తిరస్కరించాడు. లోకాచారంతో శాస్త్రం వాదించిన సందర్భమిది. గర్భిణి చుట్టూ పలుమార్లు ప్రసవించిన, ఆప్యాయత గల స్త్రీలు ఉండాలని కూడా ఆ గ్రంథం కోరింది.

శాస్త్రం చెప్పిన ఈ పనిని పల్లెలో చేసినవారు శాస్త్రం చదివినవారు కారు. మంత్రసాని అనే మాటను బ్రౌను తన 1852 నాటి నిఘంటువులో నమోదు చేశాడు. ఈ వృత్తి అనేక గ్రామాలలో మంగలి, చాకలి, దళిత కుటుంబాల స్త్రీలది. కాని నెలలు నిండే వరకు గర్భిణికి ఊరట కలిగించిన చేతులు ఎక్కువగా ఇంటివే. తొలి కాన్పుకు పుట్టింటికి చేరిన కూతురికి తల్లి నడుము పట్టేది, వాచిన పాదాలు ఒత్తేది, తలంటి వేణ్ణీళ్ళు పోసేది. నువ్వుల నూనె, ఆముదం ఇంట్లో ఉండే సరుకులే. ‘నడుము పట్టడం’, ‘కాళ్ళు ఒత్తడం’ అనే పలుకుబళ్ళలో చికిత్స అన్న భావం లేదు, ఆదరణ అన్న భావం ఉన్నది. బహుశా అందుకే వైద్య చరిత్రకారులు వీటిని పట్టించుకోలేదు.

మంత్రసాని చేయి మరొక పని కూడా చేసేది. బిడ్డ అడ్డం తిరిగిందనుకొన్నప్పుడు, కాన్పు ఆలస్యమైనప్పుడు పొట్టను బలంగా ఒత్తేది. దీనివల్ల గర్భసంచి చిట్లడం, మావి ముందే ఊడిపోవడం సంభవించవచ్చు. శుభ్రం చేయని పనిముట్లతో బొడ్డు కోయడం వల్ల బిడ్డకు ధనుర్వాతం వచ్చేది. మద్రాసులో 1844లో వెలసిన ప్రసూతి ఆసుపత్రి, 1885 నాటి డఫ్రిన్ నిధి, దాయీల శిక్షణకై 1903లో ఏర్పడిన విక్టోరియా స్మారక నిధి ఈ ప్రమాదాలను ఎదుర్కొనడానికి వచ్చినవే. వాటి అవసరాన్ని శంకించనక్కరలేదు. అయితే సంస్కరణ వాదం మంత్రసానిని మొత్తంగా అజ్ఞానానికి ప్రతీకగా నిలిపింది. పొట్ట ఒత్తిన చేయి, వీపు నిమిరిన చేయి అనే భేదం ఆ వాదంలో నిలవలేదు. కులం కూడా ఈ తీర్పులో తన వంతు పాత్ర వహించిందని నా అభిప్రాయం.

తెలుగులో స్త్రీల ఆరోగ్యంపై ముద్రిత చర్చ ఈ కాలంలోనే విస్తరించింది. ఆయుర్వేద వైద్యుడైన డాక్టర్ కె.ఎన్. కేసరి 1928లో మద్రాసు నుంచి ‘గృహలక్ష్మి’ పత్రికను ప్రారంభించాడు. తిరువూరు ప్రాంతానికి దగ్గరి నగరమైన విజయవాడలో ప్రసూతి వైద్యురాలిగా పేరొంది, 1957లో అక్కడి నుంచే లోక్‌సభకు ఎన్నికైన డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ ‘ప్రసూతి – శిశుపోషణ’ అనే గ్రంథాన్ని తెలుగులో రచించింది. పురిటిగది నుంచి పుస్తకానికి, పుస్తకం నుంచి ఆసుపత్రికి సాగిన ప్రయాణంలో ఇవి ముఖ్యమైన మజిలీలు.

2005లో జననీ సురక్షా యోజన వచ్చిన తరువాత ఈ ప్రయాణం వేగం పుంజుకొన్నది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 96 శాతం ప్రసవాలు ఆసుపత్రులలోనే జరిగాయి. ఎందరో తల్లుల ప్రాణాలు దీనివల్ల నిలిచాయి. ఇంతలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ప్రసవ సంరక్షణపై వెలువరించిన సిఫార్సులలో, ఉపశమనం కోరే ఆరోగ్యవంతులైన గర్భిణులకు వారి ఇష్టాన్ని బట్టి మర్దన, వెచ్చని కాపడం చేయవచ్చునని చెప్పింది. తోడుగా ఒక మనిషిని ఉండనివ్వాలన్నది. బిడ్డను బయటికి తేవడానికి పొట్టపై ఒత్తడం వద్దన్నది. చరకుని అవయవాల వరుసను దీని పక్కన పెట్టి చదవవచ్చు. ఇక ఆ సిఫార్సును అమలు చేయవలసిన చేయి ఎవరిదన్నది మిగిలిన ప్రశ్న. ప్రసవపు గదిలో నర్సుకు తీరిక తక్కువ, తల్లికి చాలాచోట్ల తలుపు దగ్గరే ఆపుదల.