బెజవాడా, గుంటూరా: కృష్ణాతీరంలో ఒక నిర్ణయ చరిత్ర

కృష్ణానది ఎడమ ఒడ్డున విజయవాడ (పాత పేరు బెజవాడ), నది దాటి నైరుతి దిశలో సుమారు 32 కిలోమీటర్ల దూరంలో గుంటూరు ఉన్నాయి. పొలం పల్లెలో ఉంచుకొని, పిల్లల చదువు కోసమో వ్యాపారం కోసమో పట్నంలో కాపురం పెట్టదలచిన డెల్టా కుటుంబాలకు ఈ రెండింటిలో ఏది మేలన్న ప్రశ్న తరతరాలుగా ఎదురవుతూనే ఉంది. పైకి అది ఊరి మీది అభిమానంగా కనిపించినా, దానిని తేల్చినవి ఆనకట్ట, రైలు మార్గం, కచేరీ, కళాశాల.

1832–33లో, నందన నామ సంవత్సరంలో వచ్చిన డొక్కల కరువు నాటి గుంటూరు జిల్లాలో లక్షకు పైగా ప్రాణాలను బలిగొంది. ఆ విషాదం తరువాత కృష్ణ నీటిని మళ్లించాలన్న ఆలోచన బలపడి, 1852–55 మధ్య బెజవాడ వద్ద ఆనకట్ట, అంటే నీటిని నిలిపి కాలువలకు మళ్లించే అడ్డుకట్ట, వెలిసింది. ఏలూరు కాలువ, బందరు కాలువ పొలాలు తడపడమే కాక సరుకుల పడవలకూ దారి ఇవ్వడంతో, కొండల నడుమ ఒదిగిన ఆ చిన్న ఊరు రేవు పట్టణమయింది. 1889లో నైజాం రైలు మార్గం బెజవాడ చేరింది. 1893లో కృష్ణ మీద రైలు వంతెన పూర్తయింది. 1899 నాటికి మద్రాసు మార్గం తెనాలి మీదుగా వచ్చి అక్కడ కలిసింది. గుంతకల్లు వైపు వెళ్లే మార్గంలో ఉన్న గుంటూరు, మద్రాసు–కలకత్తా ప్రధాన మార్గానికి ఎడంగా ఉండిపోయింది.

గుంటూరు బలం మరొకటి. 1794లో జిల్లా కేంద్రమై, 1859లో ఆ హోదా కోల్పోయి, 1904లో తిరిగి పొందిన ఆ ఊరికి 1866లోనే పురపాలక సంఘం ఏర్పడగా, బెజవాడకు అది 1888లో వచ్చింది. 1885లో మొదలై తరువాత ఆంధ్ర క్రైస్తవ కళాశాలగా పేరొందిన విద్యాలయం, 1946లో ఏర్పడిన వైద్య కళాశాల, 1954 నుంచి 1956 వరకు అక్కడే నడిచిన ఆంధ్ర రాష్ట్ర హైకోర్టు కలిసి గుంటూరును వకీళ్లు, డాక్టర్లు, అధ్యాపకులు స్థిరపడే ఊరుగా మలిచాయి. ఈ కుదురు ఆ ఊరిలోని బ్రాడీపేట అమరికలోనే కనిపిస్తుంది: నిలువు వీధులు లైన్లు, వాటిని అడ్డంగా కోసేవి అడ్డరోడ్లు కావడంతో, నాలుగో లైను పద్నాలుగో అడ్డరోడ్డును స్థానికులు 4/14 అని రెండు అంకెలతో చెబుతారు.

విజయవాడ 2022 వరకు జిల్లా కేంద్రమే కాలేదు; కృష్ణా జిల్లా కచేరీ మచిలీపట్నంలోనే ఉండేది. అయినా 1948లో ఆకాశవాణి కేంద్రం, 1960లో ఆంధ్రజ్యోతి దినపత్రిక విజయవాడలో మొదలయ్యాయి. పుస్తక ప్రచురణ, గాంధీనగర్‌లోని సినిమా పంపిణీ కార్యాలయాలు, ఆటోనగర్‌లోని లారీ మరమ్మతు షెడ్లు నాలుగు దిక్కుల ప్రజలనూ అక్కడికి రప్పించాయి. కనుక సరుకుతో, ప్రయాణంతో బతికే కుటుంబం బెజవాడను, కోర్టుతో, ఆసుపత్రితో బతికే కుటుంబం గుంటూరును ఎంచుకోవడానికి తగిన కారణం ఉండేది. అయితే ఈ గీత ఎన్నడూ గట్టిది కాదు; పొగాకు, మిర్చి వర్తకం గుంటూరును కూడా పెద్ద వ్యాపార కేంద్రంగా నిలిపింది.

ఎంపికలోని అసలు విశేషం, ఒక ఊరిని ఎంచుకున్నవారు రెండో ఊరిని వదులుకోనక్కరలేకపోవడం. రైలూ బస్సూ ఉండటంతో ఒక ఊళ్లో కాపురం, మరో ఊళ్లో కొలువు సాధ్యమయ్యాయి; 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం ఈ రెంటి నడుమ నంబూరు వద్ద వెలసింది. 1953లో ఆంధ్ర రాష్ట్ర రాజధాని కర్నూలుకు దక్కినప్పుడు కూడా విజయవాడ–గుంటూరు ప్రాంతాన్ని ఒకటిగా చూపి దానిని కోరినవారున్నారు. కాబట్టి ఏ ఊరు గొప్పదన్న వాదం కన్నా, ఒక ఊరి లోటును మరొకటి తీర్చిన తీరే ఇక్కడి పౌరజీవితానికి ఆధారమని గుర్తించాలి. కొత్త సంస్థలను నెలకొల్పేవారు పోటీకి రెండుచోట్లా ఒకే పనిని పెట్టడం కన్నా, ఈ పరస్పరతను కాపాడితేనే ఆ చరిత్రకు న్యాయం చేసినట్లవుతుంది.