కాలేయం గట్టిదనానికి అంకె వచ్చిన కథ

భీమవరం దగ్గరి ఉండి ఊరి చుట్టుపక్కల చెరువుల రైతు చేతిలో 'గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్' అన్న స్కానింగ్ రిపోర్టు కనబడటం ఇప్పుడు వింతేమీ కాదు. అందులో ఉన్నది కొవ్వు సంగతే. కాలేయం ఎంత గట్టిపడిందన్నది వేరే ప్రశ్న.

ఆ ప్రశ్న పాతదే. వాగ్భటుడి అష్టాంగహృదయం రోగి పరీక్షలో దర్శన, ప్రశ్నలతో పాటు స్పర్శననూ చేర్చింది. కుడి పక్కటెముకల కింద వేళ్లు నొక్కి డాక్టరు తడిమేది గట్టిదనం కోసమే. అయితే చేతికి తగిలేసరికి తరచూ జబ్బు ముదిరిపోయి ఉంటుంది. పోనీ బయాప్సీ చేద్దామంటే, సూదికి వచ్చే ముక్క కాలేయంలో దాదాపు 50 వేలో వంతు.

1991లో హ్యూస్టన్‌లో జొనాథన్ ఓఫిర్ బృందం కణజాలాన్ని కాస్త నొక్కి, నొక్కకముందూ నొక్కాకా వచ్చిన అల్ట్రాసౌండ్ ప్రతిధ్వనులను పోల్చింది. తక్కువ అణిగిన చోటు గట్టిది. దీనికే ఎలాస్టోగ్రఫీ అని పేరు పెట్టారు. రొమ్ము గడ్డలకు ఇది బాగా పనికొచ్చింది. ఎముకల చాటునున్న కాలేయాన్ని నొక్కేదెలా? పారిస్‌లో లారెంట్ సాండ్రిన్ బృందం నొక్కడం మాని తట్టడం మొదలుపెట్టింది. 2003 నాటికి ఫైబ్రోస్కాన్ అనే ఈ పద్ధతి వైద్య పత్రికలకెక్కింది. రోగి వెల్లకిలా పడుకుని కుడిచేయి తలకిందికి మడుస్తాడు. పక్కటెముకల సందున పెట్టిన ప్రోబ్ చిటికె వేసినట్టు తడుతుంది. ఆ తట్టుకు పుట్టిన అల గట్టి కాలేయంలో వేగంగా పోతుంది. ఆ వేగాన్నే కిలోపాస్కల్స్‌గా మారుస్తారు. పది కొలతలు తీసి మధ్యస్థ విలువ చెబుతారు.

అసలు ఉపయోగం మందులు వాడేటప్పుడు తెలిసొచ్చింది. 2015లో హైదరాబాద్ కంపెనీ నాట్కో హెపటైటిస్-సి మందు సొఫోస్‌బువిర్‌ను జెనెరిక్‌గా తెచ్చింది. వైరస్ పోయాక రోగుల్లో ఈ అంకె దిగుతుంది. సంతోషమే గానీ, తొలి నెలల్లో దిగేది చాలావరకు వాపు. కాలేయాన్ని గట్టిపరిచిన మచ్చ కరగడానికి ఏళ్లు పడుతుంది. పరీక్షకు ముందు కడుపునిండా తిన్నా, కామెర్లు ముదిరినా, గుండె బలహీనపడి కాలేయంలో రక్తం నిలిచినా అంకె పెరిగిపోతుంది. ఒక్క రిపోర్టు చూసి సిర్రోసిస్ అని బెంబేలెత్తేవాళ్లకు, ఎత్తించేవాళ్లకు ఈ మాట చెప్పాలి.

ఫ్యాటీ లివర్ ఉన్న ప్రతివారికీ ఈ స్కాన్ అక్కర్లేదు. వయసు, ఏఎస్‌టీ, ఏఎల్‌టీ, ప్లేట్‌లెట్లతో లెక్కగట్టే ఫిబ్-4 అనే స్కోరు ముందు చూస్తారు. 65 దాటనివారికి అది 1.3 లోపే ఉంటే సాధారణంగా స్కాన్ కోసం ఉండి నుంచి భీమవరమో ఏలూరో వెళ్లనక్కర్లేదు. షుగరు, బరువు అదుపులో పెట్టుకుని, డాక్టరు చెప్పిన గడువుకు మళ్లీ పరీక్షకు రక్తం ఇస్తే చాలు.