దగ్గు మందు రీకాల్: పాతబస్తీలో మీ ఇంట్లో ఉన్న సీసా సేఫేనా? బ్యాచ్ నంబర్ ఇలా చెక్ చేసుకోండి

పిల్లల సిరప్‌లో విష రసాయనం ఉందని తేలితే ప్రభుత్వం రీకాల్‌కు ఆదేశిస్తుంది. అంటే ఆ బ్యాచ్ అమ్మకం ఆపేసి, స్టాక్‌ను వెనక్కి పంపాలి. హోల్‌సేల్ డీలర్లు, మెడికల్ షాపులు, ఆస్పత్రులకు ఆదేశాలు వెళ్తాయి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు తనిఖీ చేస్తారు. కానీ శాలిబండలోనో, ఫలక్‌నుమాలోనో ఇప్పటికే ఇంటికి చేరిన సీసాను చూడటానికి ఎవరూ రారు. ఆ చివరి తనిఖీ చేయాల్సింది తల్లిదండ్రులే.

అసలేం జరిగింది?

2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో 'కోల్డ్‌రిఫ్' సిరప్ తాగిన చిన్నారుల కిడ్నీలు ఫెయిలయ్యాయి. 20 మందికి పైగా చనిపోయారు. ఈ మందు తయారైంది తమిళనాడులోని కాంచీపురం జిల్లాలో, శ్రేసన్ ఫార్మా యూనిట్‌లో. తమిళనాడు ల్యాబ్ పరీక్షలో డైఇథిలీన్ గ్లైకాల్ (డీఈజీ) 48.6 శాతం ఉన్నట్లు తేలింది. అనుమతించిన పరిమితి 0.1 శాతమే. అంటే 5 ఎంఎల్ డోసులో దాదాపు 2.4 గ్రాములు విషమే. కంపెనీ లైసెన్స్‌ను తర్వాత రద్దు చేశారు.

తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్ (డీసీఏ) కూడా 2025 అక్టోబర్‌లో ప్రజలను అలర్ట్ చేసింది. ఆ తర్వాత మరికొన్ని సిరప్‌లపైనా హెచ్చరికలు వచ్చాయి.

ఈ బ్యాచ్‌లు వాడొద్దు

• కోల్డ్‌రిఫ్ – బ్యాచ్ ఎస్‌ఆర్-13 (తయారీ మే 2025, ఎక్స్‌పైరీ ఏప్రిల్ 2027)
• రీలైఫ్ – బ్యాచ్ ఎల్‌ఎస్‌ఎల్25160
• రెస్పిఫ్రెష్ టీఆర్ – బ్యాచ్ ఆర్01జీఎల్2523
• ఆల్మాంట్-కిడ్ – బ్యాచ్ ఏఎల్-24002. ఇది అలర్జీకి ఇచ్చే మందు. ఇథిలీన్ గ్లైకాల్ కలిసిందని 2026 జనవరిలో హెచ్చరిక వచ్చింది.

సిరప్‌లోకి విషం ఎలా వస్తుంది?

మందు పొడి కరిగి పాకంలా ఉండటానికి ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిసరిన్ లాంటివి వాడతారు. అవి మందుల తయారీకి తగిన శుద్ధ రకమే కావాలి. ఫ్యాక్టరీ అవసరాలకు అమ్మే చవక సరుకులో డీఈజీ కలిసి ఉండే ప్రమాదం ఉంది. డీఈజీని బ్రేక్ ఆయిల్ లాంటి వాటిలో వాడతారు. కాస్త తియ్యగా ఉంటుంది, వాసన ఉండదు. అందుకే రుచి చూసో, రంగు చూసో గుర్తుపట్టడం కుదరదు. ల్యాబ్ పరీక్ష ఒక్కటే దారి.

బ్యాచ్ నంబర్ ఎక్కడుంటుంది?

సీసా లేబుల్ మీద, అట్టపెట్టె మీద తయారీ తేదీ, ఎక్స్‌పైరీ తేదీ పక్కనే ఉంటుంది. అక్షరాలు చిన్నవి. ఫోన్ కెమెరాతో ఫొటో తీసి జూమ్ చేస్తే చదవొచ్చు. లేబుల్ చిరిగిపోయినా, నంబర్ చెరిగిపోయినా ఆ మందు పిల్లలకు పట్టొద్దు. అన్నకు తెచ్చిన సీసాలో మిగిలింది తమ్ముడికి పట్టడమూ ప్రమాదమే.

సీసా దొరికితే ఏం చేయాలి?

వెంటనే వాడకం ఆపాలి. చెత్తలో పడేయకుండా పిల్లలకు అందని చోట పక్కన పెట్టి, డీసీఏ టోల్‌ఫ్రీ నంబర్ 1800-599-6969కు పని దినాల్లో ఫోన్ చేయాలి. దగ్గర్లోని డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కైనా చెప్పొచ్చు. బిల్లు ఉంటే దాచాలి. ఏ షాపు నుంచి వచ్చిందో దాంతోనే తెలుస్తుంది.

ఈ లక్షణాలుంటే ఆలస్యం వద్దు

సిరప్ తాగాక వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు, మత్తుగా ఉండటం, ముఖ్యంగా మూత్రం తగ్గడం లేదా అసలు రాకపోవడం కనిపిస్తే అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. పాతబస్తీ వాళ్లకు అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా, రెడ్‌హిల్స్‌లో పిల్లల కోసం నిలోఫర్ ఉన్నాయి. సీసాను కూడా వెంట తీసుకెళ్లాలి. పిల్లాడు ఏం తాగాడో డాక్టర్‌కు వెంటనే తెలుస్తుంది.

అసలు సిరప్ అవసరమేనా?

రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయొద్దని, ఐదేళ్లలోపు వారికి సాధారణంగా సిఫార్సు చేయరాదని కేంద్ర ఆరోగ్య శాఖ 2025 అక్టోబర్‌లోనే చెప్పింది. చిన్నపిల్లల్లో దగ్గు చాలావరకు దానంతట అదే తగ్గుతుంది. తగినంత ద్రవాలు, విశ్రాంతి ముందు ఇవ్వాలి. డాక్టర్ చీటీ లేకుండా సిరప్ అడగొద్దు. షాపువాళ్లు ఇస్తామన్నా తీసుకోవద్దు.