ఫేటియా కుచ్చులు: సూది పట్టుకుని తిరిగినోళ్ల కథ

కిల్ట్ అంటే స్కాట్లాండ్ మగవాళ్లు కట్టుకునే కుచ్చుల లంగా. మొదట్లో దానికి కుట్టే లేదు. పొడవాటి ఉన్ని గుడ్డను కుచ్చిళ్లు పెట్టుకుని నడుముకు బెల్టు బిగించేవాళ్లు, మన పంచెకట్టు లాగే. ఆ కుచ్చిళ్లను సూదితో కుట్టేయడం 18వ శతాబ్దంలో వచ్చిన మార్పు.

మా బుక్కపట్నం వైపు ఈ రెండు పద్ధతులూ పక్కపక్కనే కనిపిస్తాయి. ధర్మవరం మగ్గం మీంచి దిగిన పంచెను అలాగే కట్టుకోవచ్చు, సూదితో పనిలేదు. సుగాలీ తండాల్లో పెద్దవాళ్లు కట్టుకునే ఫేటియా, అంటే లంగా, పూర్తిగా కుట్టుపనే.

నేను ఈ మధ్య ఒక అవ్వ దగ్గర ఫేటియా కుట్టడం నేర్చుకుంటున్నాను. గుడ్డ పై అంచున చిన్న చిన్న కుట్లు వేసుకుంటూ పోయి, దారం లాగితే కుచ్చులు పడతాయి. వాటిని సమంగా సర్ది నడుం పట్టీకి కుట్టాలి. "గబుక్కున లాగొద్దు నాయనా, అన్నీ ఒకే తావ కుప్పబడతాయి" అంటుంది అవ్వ. అద్దం పని ఇంకా తమాషా. అద్దానికి రంధ్రం ఉండదు కదా, మరి ఎలా నిలుస్తుంది? ముందు దాని మీద అడ్డంగా, నిలువుగా దారాలు వేసి, ఆ దారాలను పట్టుకుని చుట్టూ అల్లుకుంటూ రావాలి. ఒక్క అద్దానికే బోలెడు ఓపిక కావాలి.

ఇంత కుట్టుపని వీళ్ల దగ్గరే ఎందుకు పెరిగింది? నాకు తోచింది చెప్తాను. గుంటమగ్గం ఒకచోట పాతుకుంటుంది. సూది, దారం, గుడ్డముక్కలు మనిషితో పాటే నడుస్తాయి. బంజారాలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోస్తూ దక్కన్ అంతా తిరిగారు, సైన్యాలకూ సరుకు చేరవేశారు. రైళ్లొచ్చాక ఆ బతుకుతెరువు పోయింది. పైగా బ్రిటిష్ ప్రభుత్వం వాళ్లను నేరస్థ తెగల చట్టం కిందికి తెచ్చింది. 1871లో మొదలైన ఆ చట్టం 1952 దాకా పోలేదు. దూరం నుంచే గుర్తుపట్టే బట్టలేసుకుని తిరగడం ఆ రోజుల్లో ఎలా ఉండేదో ఊహించండి.

స్కాట్లాండ్‌లో 1746లో ఏకంగా బట్టల మీదే నిషేధం పెట్టారు, 1782లో ఎత్తేశారు. 1822లో నాలుగో జార్జి రాజే ఎడిన్‌బరోలో కిల్ట్ వేసుకున్నాడు!

ఫేటియాకు అలా ఏ రాజూ రాలేదు. అవ్వ కూతుళ్లు చీరలే కడతారు. తీజ్ పండక్కో, సేవాలాల్ జయంతికి గుత్తి దగ్గర సేవాగఢ్ వెళ్లేటప్పుడో ఫేటియా బయటికి తీస్తారు. అదీ ఎక్కువగా మిషన్ కుట్టుదే. మనవరాలు మాత్రం నా పక్కన కూర్చుని సూదికి దారం ఎక్కించి ఇస్తుంటుంది. తనకూ ఒకటి కావాలంట, అద్దాలు ఎక్కువుండాలంట.