సర్వైవల్ గేముల్లో ఎండ, ఉక్కపోత, ఏసీ

ఆకలి, దాహం, గాయాలు, వాతావరణం వీటన్నిటినీ తట్టుకుంటూ పాత్రను బతికించుకోవాల్సిన వీడియో గేములను సర్వైవల్ గేములంటారు. వాటిలో చలికి మొదటినుంచీ పెద్దపీటే. కెనడాకు చెందిన హింటర్‌ల్యాండ్ స్టూడియో తయారుచేసిన ‘ది లాంగ్ డార్క్’, పోలండ్‌లోని 11 బిట్ స్టూడియోస్ 2018లో విడుదల చేసిన ‘ఫ్రాస్ట్‌పంక్’ పూర్తిగా చలిమీదే నడుస్తాయి. చలితో లెక్క తేలిక: మంట వేస్తే వేడి పుడుతుంది. వేడితో అలా కుదరదు. గదిలోని వేడి తనంతట తాను మాయం కాదు, దాన్ని అక్కణ్నుంచి తీసి ఇంకోచోట పారబోయాలి. ఈ ఒక్క సంగతిని ఒక గేము ఎంత శ్రద్ధగా పట్టించుకుందో చూస్తే చాలు, ఆ గేములోని ఉష్ణ వ్యవస్థ ఎంత గట్టిదో తెలిసిపోతుంది.

ఎక్కువ గేములు వేడిని గదిలో కాకుండా ఒంట్లోనే లెక్కగడతాయి. ‘ప్రాజెక్ట్ జోంబాయిడ్’ కథ అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో 1993 జులైలో, నడివేసవిలో మొదలవుతుంది. జోంబీల కాటు తప్పించుకోవాలంటే మందపాటి తోలు జాకెట్ వేసుకోవాలి. అది వేసుకుని పరుగెత్తితే ఒళ్లు వేడెక్కి దాహం పెరుగుతుంది. వదలకుండా అలాగే తిరిగితే పరిస్థితి వడదెబ్బ దాకా వెళ్తుంది. కాటుకు భయపడాలా, ఎండకు భయపడాలా అన్న సందిగ్ధం ఆటగాడికి ప్రతి ప్రయాణంలోనూ ఎదురవుతుంది. ఫన్‌కామ్ సంస్థ 2025లో తెచ్చిన ‘డ్యూన్: అవేకెనింగ్’లో ఎండలో నిలబడితే ఒంట్లోని నీరు త్వరగా తరిగిపోతుంది. అందుకే అక్కడ మధ్యాహ్నపు ప్రయాణమంటే ఒక బండ నీడనుంచి మరో బండ నీడకు పరుగు.

‘డోంట్ స్టార్వ్’ గేముకు 2014లో వచ్చిన ‘రెయిన్ ఆఫ్ జెయింట్స్’ అనుబంధం వేసవిని ఒక విపత్తుగా తెచ్చిపెట్టింది. ఎండలకు చెట్లు, కట్టుకున్న గుడిసెలు వాటంతటవే అంటుకుంటాయి. పాత్ర ఒంటి వేడి 70 డిగ్రీలు దాటితే ప్రాణం తరగడం మొదలవుతుంది. అందులో చల్లదనాన్నిచ్చే నీలిమంట ఒకటుంది, దాన్ని గడ్డితో, సురేకారంతో చేసుకోవాలి. చల్లటి మంటేమిటని కొట్టిపారేయనక్కర్లేదు. సురేకారం నీళ్లలో కరిగేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని నిజంగానే లాక్కుంటుంది. అక్బరు కోసం తాగునీటిని సురేకారంతో చల్లబరిచేవారని ‘ఐన్-ఇ-అక్బరీ’లో ఉంది. మంట కల్పనే కావచ్చు, దాని వెనకున్న రసాయనం మాత్రం వంటింట్లో పరీక్షించి చూసుకోదగినంత నిజం.

ఇక గదుల విషయం. ‘ఆర్క్: సర్వైవల్ ఇవాల్వ్‌డ్’లో ఏసీ ఉంది, కానీ దాన్ని ఎక్కువగా వాడేది డైనోసార్ గుడ్లు పొదిగించడానికి. గుడ్డుకు తగిన ఉష్ణోగ్రత రావడానికి ఆటగాళ్లు ఒకే గదిలో ఏసీలను వరసగా పేరుస్తారు. అవి చలినీ ఆపుతాయి, వేడినీ ఆపుతాయి. లాగిన వేడిని ఎటు వదులుతాయన్న ప్రశ్నే ఆ గేములో రాదు. నిజజీవితంలో అవుట్‌డోర్ యూనిట్‌ను కూడా గదిలోనే పెట్టి తలుపులు మూస్తే గది ఇంకా వేడెక్కుతుంది.

ఆ ప్రశ్నకు చక్కగా జవాబిచ్చింది ‘రిమ్‌వరల్డ్’. టైనన్ సిల్వెస్టర్ రూపకల్పనలో లూడియన్ స్టూడియోస్ చేసిన ఈ గేము పూర్తి రూపం 2018 అక్టోబరులో విడుదలైంది. ఇందులో కూలర్‌ను గోడలో బిగించాలి. నీలంరంగు వైపు చల్లదనం, ఎరుపు వైపు వేడి. ఎరుపు వైపు పొరపాటున పక్క పడకగదిలోకి తిరిగిందా, అక్కడ పడుకున్నవాళ్లకు వడదెబ్బే. కొండను తొలిచి లోపల ఇళ్లు కట్టుకునేవాళ్లకు మరో చిక్కు: వేడి పోవడానికి ఆకాశమే ఉండదు. అందుకని కొండ అంచున ఒక్క గడి మేర పైకప్పు తీసేసి, పొగగొట్టంలాంటి సందు వదిలి, కూలర్ల ఎరుపు మొహాలన్నిటినీ దానికేసి తిప్పుతారు.

ఈ కూలర్ లెక్క మరీ ముచ్చటైనది. గదిలోంచి 100 వంతుల వేడి లాగితే బయటికి 125 వంతులు వదులుతుంది. ఆ అదనపు 25 వంతులు యంత్రం పడిన శ్రమ కింద అనుకుంటే, ఒక వంతు శ్రమతో నాలుగు వంతుల వేడి బయటికి పోయినట్టు. ఇళ్లలోని ఏసీలు కూడా ఒక యూనిట్ కరెంటుతో సుమారు మూడు నాలుగు యూనిట్ల వేడిని తరలిస్తాయి. పైగా రెండు వైపుల ఉష్ణోగ్రతల మధ్య తేడా పెరిగేకొద్దీ ఈ కూలర్ పని మందగిస్తుంది. వడగాలులు వీచే రోజుల్లో, అంటే దానితో అవసరం ఎక్కువున్నప్పుడే, దాని శక్తి తగ్గిపోతుంది. మే నెల మధ్యాహ్నం ఏసీ ఆగకుండా తిరుగుతున్నా గది చల్లబడకపోవడం ఎరిగినవాళ్లకు ఇది వివరించి చెప్పాల్సిన పని లేదు. గోడలు రెండు వరసలు కడితే చల్లదనం నిలుస్తుంది, తలుపు తెరిచి ఉంచితే పోతుంది. ఒక సరళీకరణ మాత్రం ఉంది: గది ఎంత పెద్దదైనా అంతటికీ ఒకే ఉష్ణోగ్రత.

వ్యాంకూవర్‌కు చెందిన క్లే ఎంటర్‌టైన్‌మెంట్ 2019లో పూర్తిచేసిన ‘ఆక్సిజన్ నాట్ ఇంక్లూడెడ్’ ఆ సరళీకరణను కూడా ఒప్పుకోలేదు. గ్రహశకలం లోపల చిక్కుకున్న కొద్దిమంది బతుకుపోరాటం అది. అందులో ప్రతి గడికీ తనదైన ద్రవ్యరాశి, ఉష్ణోగ్రత, విశిష్టోష్ణం, ఉష్ణవాహకత ఉంటాయి. మొదట ఎవరూ వేడిని పట్టించుకోరు. జనరేటర్లు, బ్యాటరీలు, దీపాలు గంటగంటకూ కొంచెం వేడి వదులుతుంటాయి, మూసుకుపోయిన గ్రహశకలంలోంచి అది ఎటూ పోదు. ఓ రోజు తోటలో ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటుతుంది, మీల్‌వుడ్ మొక్కలు ఎదగడం మానేస్తాయి, తిండి నిండుకుంటుంది. వేడి ఇక్కడ వడదెబ్బగా కాకుండా కరువుగా వచ్చి చంపుతుంది. ఇంత నిదానమైన, ఇంత నమ్మదగిన ముప్పును మరే గేమూ కల్పించలేదనడం అతిశయోక్తి కాదు.

దీనికి విరుగుడు థెర్మో అక్వాట్యూనర్ అనే యంత్రం. తనగుండా వెళ్లే ద్రవం నుంచి 14 డిగ్రీలు తీసి, ఆ వేడిని తన ఒంటికే పట్టించుకుంటుంది. దాన్ని ఆవిరి నిండిన గదిలో ఉంచి, పైన టర్బైన్ పెడతారు. 125 డిగ్రీలు దాటిన ఆవిరిని టర్బైన్ మింగి, 95 డిగ్రీల నీరుగా వదులుతూ కరెంటు ఇస్తుంది. అయితే ఆ వేడిలో కొంత టర్బైన్‌కే అంటుకుంటుంది, అది 100 డిగ్రీలు దాటితే ఆగిపోతుంది. కనుక చల్లబరిచిన ద్రవాన్నే ఒక గొట్టంలో మళ్లించి టర్బైన్‌నూ చల్లబరచాలి. ఈ వలయం ఒకసారి కుదిరిందంటే ఆటగాడు ఉష్ణగతిశాస్త్రంలో ఒక పాఠం చేత్తో చేసి నేర్చుకున్నట్టే.

అంకెలు మాత్రం ఉదారంగా ఉంటాయి. సెకనుకు 10 కిలోల నీటినుంచి 14 డిగ్రీలు తీయడమంటే, నీటి విశిష్టోష్ణం 4.179 ప్రకారం, సెకనుకు దాదాపు 585 కిలోజూళ్లు తరలించడం. దానికి ఆ యంత్రం తీసుకునే కరెంటు 1,200 వాట్లే. అంటే ఖర్చుపెట్టిన శక్తికి సుమారు 490 రెట్ల వేడి తరలుతుందన్నమాట. ఏ ఇంజనీరూ కలలో కూడా ఆశించని ఫలితమిది. అంతకుమించి టర్బైన్ చాలా వేడిని నిజంగానే రూపుమాపుతుంది. వేడికి బయటికి దారిలేని గ్రహశకలంలో ఆ వెసులుబాటు లేకపోతే ఆట ముందుకు సాగదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో అమ్మోనియా గొట్టాలు వేడిని పెద్ద పలకలకు చేరవేస్తే, అక్కణ్నుంచి అది వికిరణంగా శూన్యంలోకి పోతుంది. ఈ గేములో శూన్యంలోకి వికిరణం ఉండదు, శూన్యం వేడిని పూర్తిగా ఆపేసే గోడ మాత్రమే.

ఇన్ని లెక్కలున్న గేములో గుప్తోష్ణం లేకపోవడం పెద్ద లోటు. ఒక కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 2,260 కిలోజూళ్లు కావాలి. చెమట ఒంటిని చల్లబరిచేదీ, మట్టికుండలో నీళ్లు చల్లబడేదీ, వట్టివేళ్ల తడికెల మీదుగా వచ్చే గాలి హాయిగొలిపేదీ దీనివల్లే. ఆక్సిజన్ నాట్ ఇంక్లూడెడ్‌లో నీరు మరిగి ఆవిరయ్యేటప్పుడు ఈ అదనపు వేడి ఖర్చు కాదు. కాబట్టి తడితో చల్లబరిచే కిటుకేదీ అక్కడ పారదు.

రిమ్‌వరల్డ్‌లో కరెంటు అక్కర్లేని ప్యాసివ్ కూలర్ ఉంది. ఆవిరయ్యే నీటితో గదిని 17 డిగ్రీల వరకు చల్లబరుస్తుంది, అంతకు దిగువకు తీసుకెళ్లదు. ఎడారిలో పెట్టినా, వానలు కురిసే అడవిలో పెట్టినా దాని పనితీరు ఒక్కటే, ఎందుకంటే గాలిలో తేమ ఆ లెక్కలోకే రాదు. అనంతపురంలో గదిని చల్లగా ఉంచే కూలర్ మచిలీపట్నంలో ఉక్కపోతను పెంచడానికి కారణం ఆ తేమే. తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకం 35 డిగ్రీలు చూపించే గాలిలో చెమట ఇక పనిచేయదని, అది మనిషి తట్టుకోగల హద్దని శాస్త్రవేత్తలు షెర్‌వుడ్, హ్యూబర్ 2010లో ప్రతిపాదించారు. రిమ్‌వరల్డ్ నియమాల్లోకి తేమ అనే ఒక్క అంకెను చేర్చితే సముద్రతీరంలో ఊరు కట్టేవాడు ప్యాసివ్ కూలర్‌ను నమ్ముకోలేడు, మొదటి వేసవి లోపే కరెంటు సమకూర్చుకోవాల్సి వస్తుంది.