ఉర్దూ చదివించిన జాసూసీ నావెళ్లు

మా దొరవారిసత్రం పిల్లలు ఫోన్లలో థ్రిల్లర్లు చదువుతుంటే బుజుర్గులు ‘వక్త్ బర్బాద్’ అంటారు. నేను అనను. నస్తాలీఖ్ అక్షరాలు నాకు ఉర్దూ మీడియం బడిలో వచ్చాయి. గబగబా చదవడం మాత్రం జాసూసీ నావెళ్ల వల్లే వచ్చింది.

వాటి తారీఖ్ చూడండి. 1952లో అలహాబాద్ నుంచి ‘జాసూసీ దునియా’ మొదలైంది. రాసింది ఇబ్నె సఫీ, అసలు పేరు అస్రార్ అహ్మద్. అదే ఏడు ఆయన పాకిస్తాన్ వెళ్లిపోయారు. అయినా ఆయన నావెళ్లు సరిహద్దుకు రెండువైపులా అచ్చయ్యాయి. 1955లో ‘ఇమ్రాన్ సిరీస్’ వచ్చింది.

ఇమ్రాన్ పైకి వట్టి అహ్మఖ్. నిజానికి అతనే సీక్రెట్ సర్వీసు చీఫ్ ఎక్స్‌టూ. ఈ రాజ్ చదివే మనకు తెలుసు, అతని టీములో చాలామందికి తెలీదు. మజా అక్కడే ఉంది. ఖాతిల్ ఎవరన్న సవాల్ ఒకపక్క, గుట్టు ఎక్కడ బయటపడుతుందోనన్న బేచైనీ ఇంకోపక్క. వేషం మార్చి బోల్తా కొట్టించే ఈ హునర్ పాతదే, ‘తిలిస్మె హోష్‌రుబా’ దాస్తాన్‌లోని అయ్యార్లది.

బీమారీతో 1960 నుంచి దాదాపు మూడేళ్లు ఇబ్నె సఫీ రాయలేకపోయారు. పాఠకులు ఇంతెజార్ చేశారు. 1963లో మళ్లీ రాశారు. 1980లో ఇంతెకాల్ అయ్యారు.

తెలుగులో కొమ్మూరి సాంబశివరావు యుగంధర్, మధుబాబు షాడో కూడా ఇలాగే చదివించారు.

మన ఇళ్లలో ఉర్దూ మాట్లాడేవాళ్లున్నారు, చదివేవాళ్లు తగ్గిపోతున్నారు. పిల్లల ఖాయిదా పక్కన ఒక ఇమ్రాన్ నావెల్ కూడా పెట్టండి. తర్వాత ఏమైందో తెలుసుకోవాలన్న ఆత్రంతో లిపి దానంతటదే పట్టుబడుతుంది, ఇన్షా అల్లాహ్.