టర్బో కిట్
టర్బో కిట్ అనగా టర్బోఛార్జరు లేకుండా తయారైన కారు ఇంజనుకు తరువాత దానిని అమర్చుటకు కావలసిన భాగాల సమూహము. ఇంజను నుండి వెలువడే పొగతో టర్బైను తిరుగుతుంది. అదే ఇరుసుపై ఉన్న కంప్రెసరు సిలిండర్లలోకి అదనపు గాలిని పంపుతుంది. ఈ పద్ధతికి స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి 1905లో పేటెంటు పొందాడు.

'''సొంతంగా అమర్చుట'''

గొట్టాలు కలుపుట, బోల్టులు బిగించుట పనిముట్లు, అనుభవము గలవారికి సాధ్యమే. అసలు కష్టము ట్యూనింగులో ఉన్నది. అదనపు గాలికి తగినంత పెట్రోలు అందకపోయినా, స్పార్కు సమయము సరికాకపోయినా ఇంజను నాకింగుకు గురై పిస్టన్లు దెబ్బతినవచ్చు. టర్బో లేని పెట్రోలు ఇంజన్లలో సంపీడన నిష్పత్తి సాధారణంగా ఎక్కువ కనుక ఈ ప్రమాదము అధికము. అందువలన ట్యూనింగు చేయగల నిపుణుడు లేనిచో కిట్ కొనకుండుటయే మేలు.

భారతదేశములో తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నముగా వాహనమును మార్చుటను మోటారు వాహనాల చట్టము, 1988లోని 52వ సెక్షను సాధారణంగా నిషేధిస్తుంది.